ఎవరింట నిలబడి నవ్వుతున్నాము?

'నవ్వు నాలుగు విధాల చేటు' అని మన పెద్దలు సెలవిచ్చారు. ఆ నాలుగు విధాలు ఏవో మాత్రం వివరించలేదు. బహుశః వారు ఆ మాట అనగానే సభలో ఎవడో కిసుక్కున నవ్వి ఉంటాడు. పెద్దలు ఉత్తరీయం దులుపుకొని లేచి వెళ్ళిపోయి ఉంటారు. మిగిలిన లెక్క తేల్చే భారం మన తరం మీద పడినది. మనవారు దానిని ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నారు. తెల్లవారి కన్ను విప్పగానే చేయి దిండు క్రిందికి పోతుంది. అక్కడ ఫోను ఉంటుంది. పళ్ళు తోముకొనక ముందే ఒక స్థూలకాయుణ్ణి చూచి, ఒక మతిమరుపు ముసలాయనను చూచి, ఇంగ్లీషు పలుకలేక తడబడిన ఒక నాయకుణ్ణి చూచి, మేళతాళాల నడుమ జారిపడిన ఒక పెండ్లికూతురును చూచి నవ్వి, ఆ నవ్వును మరి పాతిక మందికి పంపి, అప్పుడు మంచం దిగుతాము. పూర్వులు ఆ వేళకు దైవస్మరణ చేసేవారట.

ఇదే ఆధునిక సంస్కృతి. దీనిని నిందించడం నా ఉద్దేశం కాదు. నిందించే వ్యాసాలకు వార్షిక సంచికలలో ఎన్నడూ కొరత లేదు. 'నేటి యువత ఎటు పోతున్నది?' అనే శీర్షికతో వాటిని వ్రాసేవాడు ఎటూ పోకుండా హాస్టలు గదిలో కూర్చున్న యువకుడే. 1970లలో ప్యాంటు పాదాల వద్ద గొడుగువలె విచ్చుకొన్నప్పుడు సంస్కృతి నశించినదన్నారు. నేడు అదే ప్యాంటు మోకాళ్ళ వద్ద చిరిగినప్పుడు మరల నశించినదంటున్నారు. ఇన్నిసార్లు నశించగలిగిన వస్తువు మిక్కిలి గట్టిదై ఉండాలి. దానిని గూర్చి నాకు బెంగ లేదు. నా బెంగ అంతా వ్యంగ్యాన్ని గూర్చి. నవ్వు ఇంత పెరిగిన కాలంలో వ్యంగ్యం ఎందుకు చిక్కిపోయినది?

మీమ్ అనే క్రొత్త సాహిత్య ప్రక్రియను చూడండి. దీనికి ఛందస్సు లేదు, వ్యాకరణం లేదు, ముఖ్యంగా కర్త లేడు. ఒక ముఖచిత్రం, క్రింద ఒక పంక్తి, అంతే. తెలుగునాట ఆ ముఖచిత్రం నూటికి తొంభైపాళ్ళు బ్రహ్మానందంగారిది. ఆయన సినిమాలకు రాకముందు అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులుగా పనిచేసినవారు. తెలుగు అక్షరాలు మరచిపోయిన తరానికి ఒక తెలుగు ఉపన్యాసకుని ముఖమే అక్షరమాల అయినది. ఆశ్చర్యానికి ఒక బ్రహ్మానందం, అవమానానికి ఒక బ్రహ్మానందం, పరీక్షా ఫలితాలకు మూడు నాలుగు బ్రహ్మానందాలు. నిజం చెప్పాలంటే వీటిలో కొన్నిటి చమత్కారం మన సంచికలోని గేయాలకంటె బాగుంటుంది. కాని అది ఎవరు చేశారో తెలియదు. ఎవరిని కొట్టాలని చేశారో కూడా తెలియదు. చీకటిలో విసిరిన రాయి ఎవరి తలకు తగిలితే వారిదే ఆ తల.

మన కళాశాలలో రెండు భాషలు ఉన్నందువలన మనకొక సౌకర్యం కలదు. ఉర్దూలో ఈ విషయాన్ని రెండు మాటలతో విడదీసి చెబుతారు: మిజాహ్, తంజ్. మిజాహ్ అంటే హాస్యం. ఎవరినీ గాయపరచకుండా మనస్సును తేలిక చేసేది. తంజ్ అంటే వ్యంగ్యం, ఎత్తిపొడుపు. దానికి మొన ఉంటుంది. తెలుగులో పరాచికం, వేళాకోళం, ఎకసెక్కెం, వెక్కిరింత, అధిక్షేపం అని ఇంకా అనేక శ్రేణులు గలవు. ఒక జాతికి ఒక వస్తువుతో ఎంత పని ఉన్నదో ఆ వస్తువుకు గల పేర్లను బట్టి చెప్పవచ్చునంటారు. ఆ లెక్కన తెలుగువారు ఒకరినొకరు వెక్కిరించుకొనడంలో తీరికలేకుండా ఉండిన జాతి.

ఇన్ని పేర్లు ఉన్నా, నాకు అన్నిటికంటె ఉపయోగంగా కనిపించిన విభాగం ఏ అలంకార గ్రంథంలోనూ లేదు. లోపల నిలబడి నవ్వే నవ్వు ఒకటి, బయట నిలబడి నవ్వే నవ్వు మరొకటి. ఉదాహరణకు మన దక్కనీ భాషనే తీసుకొందాం. మా ఇంట్లో మాట్లాడేది అదే కనుక ఈ సంగతి నాకు పుస్తకాలవలన తెలిసినది కాదు. 1965లో వచ్చిన 'గుమ్‌నామ్' అనే హిందీ చిత్రంలో మహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడితే దేశమంతా పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వినది. ఆయన గొప్ప నటుడు, సందేహం లేదు. కాని ఆ రోజు నుండి మా 'నక్కో', మా 'హౌ' నోటి వెంట వస్తే చాలు, ఢిల్లీలోని వాడు ముందుగానే నవ్వడానికి సిద్ధపడుతున్నాడు. మేము చెప్పేది తండ్రి మరణవార్త అయినా సరే. ఆ నవ్వు భాషను చూచి నవ్వే నవ్వు.

ఇదే భాషలో సులేమాన్ ఖతీబ్ అనే కవి వ్రాశాడు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన గుల్బర్గాలో నివసించి 1978లో కీర్తిశేషుడైనాడు. ఆయన సంపుటి పేరు 'కేవ్డే కా బన్'; అనగా మొగలివనం. పేరులోనే సువాసన ఉన్నది, ముల్లు కూడా ఉన్నది. ఆయన దక్కనీని ముషాయిరా వేదిక మీద పెట్టినప్పుడు కూడా జనం విరగబడి నవ్వారు. అయితే వారు భాషను చూచి నవ్వలేదు, భాషలో కూర్చుని నవ్వారు. ఈ రెండింటికీ ఉన్న దూరం ఎంతో తెలియాలంటే, మీ అమ్మగారి వంటను మీరు ఎగతాళి చేయడానికీ, అతిథి చేయడానికీ ఉన్న భేదం తలచుకొంటే చాలును.

తెలుగు విభాగపు మిత్రులకు ఇది క్రొత్త సంగతి కాదు. తెలంగాణ యాసకు తెలుగు సినిమాలో చాలా కాలం రెండే ఉద్యోగాలు ఉండేవి: విదూషకుడు, దుండగీడు. కథానాయకుడు ఏ జిల్లాలో పుట్టినా కృష్ణా తీరపు భాషే మాట్లాడేవాడు; అతని చేతిలో దెబ్బలు తినేవాడు మాత్రం తెలంగాణంలో మొత్తుకొనేవాడు. 2017లో 'ఫిదా' చిత్రంలో నాయికే ఆ యాసలో మాట్లాడినది. 2023లో 'బలగం' వచ్చేసరికి ఒక ఊరు ఊరంతా ఆ భాషలోనే నవ్వి, ఆ భాషలోనే ఏడ్చినది. కాకి పిండం ముట్టలేదనే సంగతి మీద అటు నవ్వు, ఇటు దుఃఖం కూడా కలిగించినది. భాష మారలేదు. నవ్వేవాడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

ఇక ఆధునిక నాగరికత మీద నవ్విన మహానుభావులు. ఈ అంశంలో మన రెండు భాషలూ, ఒకదాని మాట ఒకదానికి తెలియకుండానే, ఇంచుమించు ఒకే కాలంలో ఒకే పని చేశాయి. లక్నోలో 1877లో మున్షీ సజ్జాద్ హుసేన్ 'అవధ్ పంచ్' అనే హాస్యపత్రికను ప్రారంభించాడు. లండనులోని 'పంచ్' పత్రిక పేరునే తెచ్చి తెల్లదొరల నాగరికత మీద ప్రయోగించాడు. ఆ పత్రికలో పేరు తెచ్చుకొన్నవారిలో అక్బర్ ఇలాహాబాదీ అగ్రగణ్యుడు. కోటు, పంట్లాము, కాలేజి, మేజామీద భోజనం, అలీగఢ్‌లో 1875లో విద్యాలయం స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. ఆయన కవిత్వంలో చురక తగలని ఆధునిక వస్తువు లేదు. అయితే ఈ అక్బర్ ఎవరు? తెల్లదొరల ప్రభుత్వంలో న్యాయాధిపతి. వారి చేతుల మీదుగా 'ఖాన్ బహదూర్' బిరుదు పొందినవాడు. తన కుమారుణ్ణి చదువు నిమిత్తం ఇంగ్లండుకు పంపినవాడు. ఇది చూచి కొందరు ఆయనను కపటి అంటారు. నేను అనను. దొరతనపు కుర్చీలో కూర్చున్నవానికే ఆ కుర్చీలో ఎక్కడ మేకు గుచ్చుకొంటుందో తెలుస్తుంది. ఆయన వ్యంగ్యంలోని సగం బాణాలు తన ఇంటి వసారాలోనే పడ్డాయి.

తెలుగున గిరీశం ఆ కుర్చీ ఎక్కనైనా ఎక్కలేదు. దానిని గూర్చి ఉపన్యాసం ఇచ్చి చుట్ట కాల్చుకొన్నాడు. గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో తిరిగి వ్రాయబడినది. అందులో గిరీశాన్ని చూచి మనమంతా నవ్వుతాము. నాలుగు ఇంగ్లీషు ముక్కలతో నలభై మందిని బోల్తా కొట్టించే ఆ మహానుభావుడు నేడు బ్రతికి ఉంటే, 'ఆరు నెలలలో విజయం సాధించుట ఎట్లు?' అనే దృశ్య ప్రసంగాలు చేస్తూ లక్షలాది అనుచరులతో వర్ధిల్లేవాడు. మన కళాశాలలోనే ఆయన శిష్యులు, మా తరగతిలోనే, ముందు వరుసలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, వారు నాకు నోట్సు ఇవ్వవలసి ఉన్నది.

గురజాడ కేవలం గిరీశాన్ని చూపి నవ్వించి ఊరుకొని ఉంటే అది మిజాహ్‌గానే మిగిలేది. ఆ నాటకం క్రింద ఒక లెక్క ఉన్నది. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్టణం జిల్లాలో మూడు సంవత్సరాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. తొలి ముద్రణకు తాను ఆంగ్లంలో వ్రాసిన పీఠికలో గురజాడ ఆ సంఖ్య ఇచ్చారు: 1,034 వివాహాలు. వారిలో ఐదేండ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. వారి ధర 350 నుండి 400 రూపాయలు. ఉగ్గుగిన్నెతో పాలు త్రాగే శిశువుకు ధర కట్టిన ఆ సంతలోనే గిరీశం తిరిగాడు. ఆ సంత ఎవరిది? గురజాడ స్వంత కులానిది. ఆయన పొరుగువీధికి పోయి నవ్వలేదు.

ఇక్కడ చరిత్ర ఒక చమత్కారం చేసినది. మూడు దశాబ్దాలు తిరుగక మునుపే త్రాసు తలక్రిందులైనది. 1921లో కాళ్ళకూరి నారాయణరావుగారు 'వరవిక్రయం' నాటకం వ్రాసేనాటికి సొమ్ము పుచ్చుకొనేది ఆడపిల్ల తండ్రి కాదు, మగపిల్లవాని తండ్రి. ఆ నాటకంలో కాళింది కట్నపు పెండ్లికి ఇష్టపడక ప్రాణం తీసుకొంటుంది. ఆమె చెల్లెలు కమల తెలివైనది. పెండ్లి చేసుకొని, 'డబ్బు ఇచ్చి కొన్న వస్తువు కొన్నవారి ఇంటికి రావాలి గాని కొన్నవారు వస్తువు ఇంటికి పోవడమేమిటి?' అనే వాదంతో న్యాయస్థానం దాకా వెళుతుంది. నన్నడిగితే తెలుగు సాహిత్యంలో ఇంతకు మించిన తర్కం లేదు. దుకాణం అదే, సరుకు పేరు మాత్రం మారినది.

ఆ తరువాత సులేమాన్ ఖతీబ్ వంతు వచ్చినది. ఆయన 'ఛోరా ఛోరీ' అనే కవితలో కుర్రవాని తల్లి మాట్లాడుతుంది. దక్కనీ ఆడవారి నోట వచ్చే గొప్పలు, కోరికలు, సాగదీతలు. సభ అంతా పొట్ట పట్టుకొని నవ్వుతుంది. ఆ తరువాత ఆడపిల్ల తల్లి మాట్లాడుతుంది. ఆ నవ్వు ఎక్కడికి పోయినదో తెలియదు. అంతవరకు నవ్వినవారే కళ్ళు తుడుచుకొంటారు. విజయనగరంలో మొదలైన బేరం గుల్బర్గాకు చేరేసరికి మతం మారినది, భాష మారినది, దిశ మారినది. కేకలు మాత్రం అవే. మన కళాశాలలో తెలుగు చదివేవారికి ఖతీబ్ పేరు తెలియదు, ఉర్దూ చదివేవారికి కాళ్ళకూరి పేరు తెలియదు. ఇద్దరూ కలిసి కూర్చుని ఉంటే ఒకరి మాట ఒకరు పూర్తి చేసేవారు.

మన ఇంటి వ్యవహారం మరి కొంచెం విచిత్రం. ధర్మశాస్త్రం ప్రకారం నికాహ్‌లో సొమ్ము ఇవ్వవలసినవాడు వరుడు; దానిని మెహర్ అంటారు, అది వధువు హక్కు. ఆచారం ప్రకారం సొమ్ము పుచ్చుకొనేవాడు వరుడు. దానిని హైదరాబాదులో 'జోడే కీ రఖం' అంటారు. జోడా అంటే పెండ్లి దుస్తులు. ఆ పేరు పెట్టినవాడు గొప్ప వ్యంగ్యకారుడై ఉండాలి. లక్షల రూపాయల దుస్తులు తొడుగుకొనే పెండ్లికొడుకు నిజంగా నడువగలడా అని నాకు చిన్ననాటి నుండి సందేహం. మెహర్ విషయంలో ఉర్దూ లిపి మనకు ఒక చక్కని సదుపాయం చేసినది. వెంటనే చెల్లించేది 'ముఅజ్జల్', వాయిదా మీద చెల్లించేది కూడా 'ముఅజ్జల్'. వ్రాతలో ఒక్క అక్షరం భేదం: మొదటిదానిలో ఐన్, రెండవదానిలో హమ్జా. పలకడంలో భేదమే వినిపించదు. తెలుగు లిపిలో వ్రాస్తే ఆ ఒక్క అక్షరం కూడా మాయమై రెండూ ఒక్కటే అవుతాయి. ఈ అంశంలో మన సంఘం సంపూర్ణంగా తెలుగు లిపిని అనుసరిస్తున్నది. రెండూ ఒక్కటే, రెండూ తరువాతనే. జోడే కీ రఖంకు మాత్రం ఏ లిపిలోనూ వాయిదా లేదు. ఇచ్చినా పుచ్చుకొన్నా నేరమని 1961లో చట్టం వచ్చినది. అప్పటి నుండి పుచ్చుకొనేవారు ఎవరూ లేరు. 'పిల్లకు మీరు ప్రేమతో పెట్టుకొనేది' మాత్రమే ఉన్నది. ఆ ప్రేమ ఎంత అన్నది ముందుగానే కాగితం మీద వ్రాసుకొంటారు.

శుభలేఖలో 'ఇషా నమాజు తరువాత' అని ఉంటుంది. ఇషా తరువాత అనడం అసత్యం కాదు. ఫజ్ర్ కూడా ఇషా తరువాతదే గదా! పెండ్లికొడుకు వాహనం రాత్రి పదకొండు గంటలకు వీధి చివర ఆగి, మర్ఫా డప్పుల నడుమ గంటకు నూరు గజాల వేగంతో కదులుతుంది. అర్ధరాత్రి దాటినాక దస్తర్‌ఖాన్ పరుస్తారు. మరగ్, బిర్యానీ, ఖుబానీ కా మీఠా, ఇవి గాక అక్కడికక్కడే కాల్చి ఇచ్చే ఏడెనిమిది అంగళ్ళు. ఆకలితో వచ్చినవాడు నిద్రతో తింటాడు. తెల్లవారి ఆ తండ్రి అప్పుపత్రం మీద సంతకం చేస్తాడు. తెలుగు మిత్రులు దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. వారి పెండ్లిలో ఇటీవల సంగీత్ వచ్చినది, పసుపు బట్టల హల్దీ వచ్చినది, వధూవరులు పెండ్లికి ముందే గుర్రపుబండి మీద, పడవ మీద, పాడుబడిన కోట మీద ఎక్కి తీయించుకొనే చలనచిత్రం వచ్చినది. తాళికట్టే ముహూర్తానికి పురోహితుడు ఛాయాచిత్రకారుని వంక చూస్తాడు. ఆయన తల ఊపితే శుభముహూర్తం. ఖర్చులో రెండు మతాల మధ్య ఇంతటి సమైక్యత మరెక్కడా కనిపించదు.

ఇవన్నీ మన కళాశాలలో అందరికీ తెలుసు. అందరూ క్యాంటీనులో చెప్పుకొంటారు. అచ్చులో మాత్రం కనబడవు. క్రిందటి సంచికకు ఒక మిత్రుడు మన పెండ్లిభోజనాల మీద వ్యంగ్యరచన ఇచ్చాడు. అది 'స్థలాభావం వలన' చేరలేదు. అదే సంచిక చివర రెండు పుటలు 'మిత్రుల సంతకాల కొరకు' అని ఖాళీగా ఉన్నవి. నా మిత్రుడు ఆ పుటలో సంతకం చేశాడు. ఆ విధంగా అతని రచనలో చివరి పంక్తి మాత్రం ప్రచురింపబడినది.

కమిటీ పెద్దల మీద నాకు గౌరవం ఉన్నది. వారు వ్యంగ్యాన్ని తీసివేసేది రసజ్ఞత లేక కాదు. వారి భయాన్ని ఒకరు నాకు సౌమ్యంగా చెప్పారు: 'బాబూ, ఇప్పటికే బయటివారు మనలను చూచి కావలసినంత నవ్వుతున్నారు. మన గడ్డం మీద, మన బురఖా మీద, మన వీధుల మీద, మన పిల్లల సంఖ్య మీద ఫోనులలో ఏమేమి తిరుగుతున్నదో నీకు తెలుసు. దానికి మన చేతితో మనమే ఇంత ఉప్పు అందించాలా?' ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. సంఖ్యలో అధికులు తమను తాము ఎగతాళి చేసుకొంటే అది విశాలహృదయం అనిపించుకొంటుంది. తక్కువ సంఖ్యవారు చేసుకొంటే, 'చూచారా, వారే ఒప్పుకొన్నారు' అని సాక్ష్యం అవుతుంది. ఖతీబ్ కవితలో నవ్వు వచ్చే ఇరవై క్షణాలు కత్తిరించి, ఏడుపు వచ్చే భాగం పారవేసి, ఎవరైనా ఎక్కడికైనా పంపగలరు.

నాకు ఈ ప్రమాదం నిజమే అనిపిస్తుంది. అయితే ఈ ప్రమాదం ఉన్నది ఫోనులో, పత్రికలో కాదు. అచ్చు పత్రికలో రచన మొదటి నుండి చివరి దాకా ఒక్కచోట ఉంటుంది. క్రింద వ్రాసినవాని పేరు, తరగతి, క్రమసంఖ్య ఉంటుంది. ఎవరికైనా కోపం వస్తే వరండాలో అతని చొక్కా పట్టుకొనవచ్చును. వ్యంగ్యానికి ఇంతకంటె సురక్షితమైన స్థలం నాకు తెలియదు. మనము ఇక్కడ మూసివేసిన తలుపు వలన పెండ్లిఖర్చు రూపాయి తగ్గలేదు. వ్యంగ్యం మాత్రం పేరు లేకుండా, తల లేకుండా బయట తిరగడం నేర్చుకొన్నది. పై పెద్దలే మరొక మాట కూడా అన్నారు: 'అయినా అందులో తప్పేమీ లేదనుకో, మా తమ్ముని కుమార్తె పెండ్లి అప్పుడే జరిగినది.' అసలు స్థలాభావం అక్కడ ఉన్నది.

ఇంటి నవ్వు వలన జాతి చిన్నబోతుందనేవారు హైదరాబాదు వంకనే ఒకసారి చూడాలి. 1960ల నుండి ఇక్కడ 'జిందా దిలానె హైదరాబాద్' అని ఒక సంస్థ పని చేసినది. జీవం గల హృదయాల వారు అని దాని అర్థం. 1968లో ముస్తఫా కమాల్‌గారి సంపాదకత్వాన 'షుగూఫా' అనే ఉర్దూ హాస్య మాసపత్రిక ఇక్కడే పుట్టి అర్ధశతాబ్దం దాటినది. నగరం ఎన్నో కష్టకాలాలు చూచిన ఆ సంవత్సరాలలో, ఉర్దూకు చదువరులు తగ్గిపోతున్నారని ఏడ్చినవారు ఏడుస్తూ ఉండగా, నవ్వుల పత్రిక నెలనెలా వచ్చినది. 'సియాసత్' దినపత్రికలో 1962 నుండి వ్యంగ్య శీర్షిక నడిపిన ముజ్తబా హుసేన్ తన ప్రాంతంవారిని, తన స్నేహితులను, తనను తాను వదలలేదు. చివరికి తన మరణానంతర స్మృతివ్యాసాన్ని తానే వ్రాసుకొన్నారు. 2007లో పద్మశ్రీ వచ్చినది. 2020లో, వ్యాసం సిద్ధంగా ఉన్నందువలన తొందరపడకుండా, వెళ్ళిపోయారు. ఆయన వలన హైదరాబాదు పేరు చెడినట్లు నేనెక్కడా వినలేదు. తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ అప్పు చేయడాన్ని ఒక కళగా తీర్చి ఋణగ్రస్తులకు గౌరవం కల్పించారు. మా హాస్టలులో ఆయన శిష్యులు అనేకులు. గురువు పేరు తెలియకపోయినా సంప్రదాయం తప్పలేదు.

మన సంచిక నిర్మాణం అందరికీ తెలిసినదే. ఉర్దూ విభాగం కుడివైపు నుండి తెరుచుకొంటుంది, తెలుగు విభాగం ఎడమవైపు నుండి తెరుచుకొంటుంది. రెండూ చెరొక ముఖపత్రంతో బయలుదేరి నడిమధ్యన ఎదురవుతాయి. ఎదురైన చోట కమిటీవారి ఛాయాచిత్రం ఉంటుంది. అది దాటి ఇవతలివారు అవతలికి పోయినట్లు గాని, అవతలివారు ఇవతలికి వచ్చినట్లు గాని దాఖలా లేదు. ఎన్నో ఏండ్లుగా ఒకే కుట్టుతో బైండింగు అయి ఉన్న రెండు పుస్తకాలు.

కనుక నా ప్రతిపాదన స్వల్పమైనది, దీనికి ఏ నిధులూ అక్కరలేదు. కమిటీ ఛాయాచిత్రానికి అటు నాలుగు పుటలు, ఇటు నాలుగు పుటలు నవ్వుకు కేటాయించవలెను. అటువైపు పుటలలో తెలుగు హాస్యం ఉర్దూలో, ఇటువైపు పుటలలో ఉర్దూ తంజ్ తెలుగులో రావలెను. గిరీశాన్ని ఉర్దూలో ఎవరు మాట్లాడిస్తారో నాకు తెలియదు గాని, ఖతీబ్ కుర్రవాని తల్లిని తెలంగాణ తెలుగులో మాట్లాడించడానికి రెండవ సంవత్సరంలో ఒక మిత్రురాలు సిద్ధంగా ఉన్నది. ఆమె నమూనా చదివితే మేమంతా నవ్వాము. రెండవ భాగం ఆమె ఇంకా చదువలేదు, గొంతు సరిగా లేదన్నది. ఒక్క నియమం చాలును: ప్రతివాడూ తన ఇంటిని గూర్చియే వ్రాయవలెను, క్రింద తన పేరు పెట్టవలెను. పొరుగింటి మీద ఉత్సాహం గలవారికి ఫోను ఉండనే ఉన్నది.

ఛాయాచిత్రాన్ని అక్కడి నుండి తీసివేయమని నేను అనడం లేదు. ఎనిమిది పుటల నవ్వు నడుమ కూర్చోవలసి వస్తుంది కనుక, వచ్చే సంవత్సరం ఫోటో తీయించుకొనేటప్పుడు పెద్దలు కొంచెం చిరునవ్వుతో ఉంటే బాగుంటుందని మాత్రమే మనవి. నా పెండ్లిభోజనాల మిత్రుడు తన రచనను తిరిగి శుభ్రప్రతి వ్రాస్తున్నాడు. ఈసారి రెండున్నర పుటలకు కుదించాడు. స్థలం విషయం ముందుగానే తెలియజేయవలసినదిగా కోరుచున్నాడు.